ఆ ఒక్క విస్తరి

యుద్ధం గెలిచొచ్చిన కంపరాజు తన ఐదువేల ముప్పైతొమ్మిది మంది సైనికులకు విందు పెట్టాడు. ఏ బంతిలోనైనా విస్తరి ఖాళీగా ఉంటే ఆ రాజ్యంలో అపశకునం.

బంతికి పదిమందిని కూర్చోబెడితే చివర ఒక విస్తరి మిగిలింది. తొమ్మిదిమందిని కూర్చోబెట్టినా ఒకటే. ఎనిమిది, ఏడు, ఆరు... ఆఖరికి ఇద్దరేసి కూర్చున్నా అదే ఒక్క విస్తరి! వడ్డించే పోలక్క వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. ఇంత జనం ఎలా కూర్చున్నా సరిగ్గా ఒక్కరే ఎలా తక్కువవుతున్నారు?

అన్నం చల్లారిపోతోంది. మేడమీంచి రాజు ఉరిమాడు: "ఇదేదో చేతబడి! వంటవాళ్ళందర్నీ ఊరు దాటించండి!"

పోలక్క చేతులు జోడించింది. "చేతబడి కాదు మహాప్రభో. యుద్ధానికి వెళ్ళినవాళ్ళలో ఒక్కరింకా బంతికి రాలేదు. ఆ విస్తరి తమరిది."

సైనికుల సరసన కూర్చోవడమా! కానీ అందరి కళ్ళూ తనమీదే ఉండేసరికి రాజు దిగొచ్చి కూర్చున్నాడు. బంతి నిండింది. ముగ్గురేసి, ఏడుగురేసి, పదిమందేసి, ఎలా మార్చినా నిండింది.

రాజు నోరు తెరిచాడు. "నేనొక్కణ్ణి చేరితే ఇంతమందీ ఇలా సర్దుకున్నారా! ఏదీ, పైనుంచి చూడనీ!" అంటూ లేవబోయాడు.

పోలక్క గరిటె అడ్డం పెట్టింది. "కూర్చోండి ప్రభూ. తమరు లేస్తే మళ్ళీ ఖాళీ."