దిబ్బ మీద ఎర్రతుండు

అనగనగా ఒక ఉప్పుగాలి ఊళ్ళో ఎల్లాజీ అని ఒకడుండేవాడు. పడుకుని విను చిట్టీ, కాళ్ళాడించకు. వాడి పనేమిటంటే, ఇసుకదిబ్బ మీద కూర్చుని సముద్రంలో చేపల గుంపు ఎక్కడుందో కనిపెట్టడం. కనబడగానే లేచి ఎర్రతుండు అటువైపు ఊపేవాడు. అప్పుడు పడవ వెళ్ళి అక్కడ పెద్దవల చుట్టేది. ఆ తర్వాత ఊరు ఊరంతా ఒడ్డున నిలబడి తాళ్ళు లాగేది.

వల నిండితే మొదటి గంప తుండు ఊపినవాడిదే. కానీ వరసగా మూడుసార్లు వల ఖాళీగా వచ్చిందా, తుండు ఇంకొకడికి ఇచ్చెయ్యాలి. అది ఆ ఊరి కట్టుబాటు. ఎల్లాజీకి ఇరవై ఏళ్ళుగా ఒక్క వలా ఖాళీగా రాలేదు. అందుకని నేల మీద నడిచేవాడు కాదు ఆ మహానుభావుడు.

వాడి పెళ్ళాం పోలమ్మ. పొద్దున్నే గిన్నెలు కెరటాల్లో తోముకొచ్చి, దిబ్బ మీదకి గంజి పట్టుకెళ్ళేది. అక్కడున్నంతసేపూ ఏదో ఒకటి గొణుగుతూనే ఉండేది. ఎల్లాజీ ఊఁ కొడుతూ గంజి తాగేవాడు. ఏం విన్నాడో వాడికే తెలీదు.

అలా ఉండగా వైశాఖం వచ్చింది. దక్షిణపు గాలి పట్టింది. నెత్తళ్ళని, వేలెడంత చేపలు, గుంపులు గుంపులుగా వచ్చే రోజులు. సరిగ్గా అప్పుడే పోలమ్మ కూతురి పురుడని పొరుగూరు వెళ్ళింది. ఇరవై ఏళ్ళలో ఆవిడ ఊరు దాటడం అదే మొదలు.

మొదటి రోజు ఎల్లాజీకి ఉత్తరాన నీళ్ళ మీద నల్లటి మచ్చ కనబడింది. తుండు ఊపాడు. ఊరంతా కలిసి లాగితే వలలో ఒక్క చేప లేదు. ఆ మచ్చ ఏమిటో తెలుసా, మబ్బు నీడ. అందరూ నోళ్ళు తెరుచుకుని నిలబడిపోయారు.

రెండో రోజు దూరాన నీళ్ళు తళతళలాడాయి. మళ్ళీ ఊపాడు. వలలో ఇంత నాచు వచ్చింది. ఇరవై ఏళ్ళ చూపు రెండు రోజుల్లో ఏమైపోయిందని ఎల్లాజీ హడలిపోయాడు.

మూడో రోజు ఊరంతా ఒడ్డుకొచ్చి దిబ్బవైపే చూస్తోంది. వాడు ఎంత చూసినా సముద్రం ఒక్కలాగే ఉంది. అప్పుడు పొరుగూరి నుంచి పోలమ్మ వచ్చింది. కెరటాల్లో కాళ్ళు కడుక్కుని, గంజి తెచ్చి ఇచ్చి, ఎప్పట్లాగే గొణిగింది.

“మనవరాలు పుట్టింది మావా. ఎండ సూస్తే మాడ్చేస్తంది, నీళ్ళు సూస్తే మోకాలికాడే మంచులాగున్నాయి. నెత్తళ్ళు కాళ్ళకి తగుల్తన్నాయి. నువ్వేటి, అంత దూరం సూస్తన్నావు?”

గంజి ముంత వాడి చేతిలోనే ఆగిపోయింది. ఇరవై ఏళ్ళుగా రోజూ ఇదే కదా జరిగింది. దక్షిణాన నీళ్ళ రంగు మారిందని ఆవిడ గొణగడం, వీడు దక్షిణం వైపు చూడటం, అక్కడ గుంపు కనబడటం. ఈ మాట మొదటిసారి విన్నప్పుడు నాకైతే గుండె ఆగినంత పనైంది. మరి వాడికెలా ఉంటుంది చెప్పు.

ఆ తర్వాత వాడు లేచి తుండు ఒడ్డువైపే ఊపాడు. పడవవాళ్ళు నిర్ఘాంతపోయారు.

“మోకాలి లోతులో పెద్దవలేటి? ఈడికి మతి పోనాది,” అన్నాడొకడు.

అయినా తుండు ఎటు ఊపితే అటు వెయ్యాల్సిందే. వేశారు. లాగితే తాడు కదల్లేదు. ముసలివాళ్ళూ వచ్చి పట్టారు. పిల్లలూ పట్టారు. ఆఖరికి గుడి పూజారీ పంచె ఎగ్గట్టి పట్టాడు. అప్పుడొచ్చింది వల. నెత్తళ్ళే నెత్తళ్ళు, కింద ఇసుక కనబడితే ఒట్టు.

మొదటి గంప తెచ్చి ఎల్లాజీ ముందు పెట్టారు. వాడు దాన్ని నెత్తికెత్తుకుని, అంతమందిలోంచీ నడిచి, తాడు చివర నిలబడ్డ పోలమ్మ ముందు దింపాడు. ఎర్రతుండు తీసి ఆ గంప మీద పెట్టాడు.

“సూసింది నాను కాదు. ఇరవై ఏళ్ళూ ఈ పోలమ్మే సూసింది,” అన్నాడు.

ఊరు ఊరంతా కొయ్యబారిపోయింది. పోలమ్మ మాత్రం తుండు దులిపి భుజాన వేసుకుంది.

“సరే మావా. రేపట్నించి గంజి నువ్వు తే,” అంది.

కథేమో కంచికి,
నెత్తళ్ళేమో గంపకి,
గంజేమో దిబ్బకి,
నువ్వూ నేనూ నిద్దరకి.