రాచ్చిప్పలో కలిపిన ముద్ద

మామిడితోటలకి పెట్టింది పేరైన ఒకానొక రాజ్యాన్ని ప్రచండసింహ భూపతి అనే మహారాజు ఏలుతుండేవాడు. పేరుకి తగ్గ మనిషే. ఆయన సభలోకి అడుగు పెట్టాలంటే ముందు వందిమాగధులు బిరుదులన్నీ చదవాలి. వాటిలో ఆయనకి మహా ఇష్టమైనది 'ఉన్నతహస్తుడు' అన్న బిరుదు. అంటే, ఇచ్చేటప్పుడు పైన ఉండే చెయ్యే గాని, పుచ్చుకోవడానికి ఎవరి ముందూ చాపిన చెయ్యి కాదని అర్థం. ఆ బిరుదు వినపడగానే రాజుగారు కుడిచెయ్యి ఎత్తి సభంతటికీ చూపించేవారు. అందరూ భళా అనాలి. గట్టిగా అనకపోతే మళ్లీ చదివించేవారు!

ఆ కొలువులో కొమ్మన అని ఒక మాటకారి ఉండేవాడు. రాజుగారికి విసుగు పుట్టినప్పుడల్లా నవ్వించడం అతని ఉద్యోగం. తల్లి మాచమ్మతో, భార్యాబిడ్డలతో కోట వెనక వీధిలో కాపురం ఉండేవాడు.

ఒక ఎండాకాలం రోజున కొమ్మన కొలువుకి ఆలస్యంగా వచ్చాడు. మనిషి దగ్గరికి రాకముందే ఆవపిండి ఘాటు వచ్చింది.

"ఏమయ్యా కొమ్మనా! నా కొలువుకంటే పెద్ద పని ఏం వచ్చిపడింది నీకు?" అని రాజు గద్దించాడు.

"తప్పు క్షమించాలి ప్రభూ! ఇవాళ మా ఇంట్లో కొత్తావకాయ కలిపారు. జాడీలకి ఎత్తేశాక మా అమ్మ ఆ రాచ్చిప్పలోనే వేడివేడి అన్నం వేసి కలిపింది. ఆ ముద్ద తినకుండా గడప దాటడం నావల్ల కాలేదు."

సభ ఘొల్లుమంది. కోట వంటశాలకి అధికారి అయిన భోగేశ్వర భట్టు అయితే చెవులు మూసుకున్నాడు. "రామ రామ! రాతిచిప్పకి అంటుకున్నదాన్ని ఊడ్చుకు తినడమా! మా వంటశాలలో ఆవకాయ కలిపిన పాత్రని అప్పటికప్పుడు కుంకుడురసంతో తోమించి పన్నీటితో కడిగిస్తాం. ఏలినవారి పళ్లెంలోకి జాడీలో ముక్క రావాలే గాని, చిప్ప అడుగు రావడమేమిటి!"

"చిప్పలు ఊడ్చేవాడు నా కొలువులో ఉన్నాడని పొరుగు రాజులు వింటే నా పరువేం కాను?" అన్నాడు రాజు. "మీ అమ్మకి చిప్ప ఊడ్చి పెట్టడం తప్ప వంట రాదేమిటయ్యా?"

కొమ్మనని ఎన్నన్నా పడతాడు. పడడమే అతని పని. కానీ తల్లి మాట ఎత్తేసరికి అతనికి ఒళ్లు మండిపోయింది. ఇంక నోరు ఆగితేనా!

"మహాప్రభూ! మా అమ్మ ముద్దలు పెడుతుంటే కాసేపు పక్కన కూర్చోండి. ఏలినవారి ఉన్నతహస్తం కూడా దిగివచ్చి తనంతట తనే చాచుకుంటుంది!"

అనేశాక గాని తానేమన్నాడో అతనికి తెలియలేదు. రాజు మీసం వణికింది.

"అంత మాటన్నావు కనక అదీ చూద్దాం. నా చెయ్యి చాపించావా, అడిగింది ఇస్తాను. చాపించలేకపోయావా, నీ తల్లితో, పెళ్లాంబిడ్డలతో కట్టుబట్టలతో నా రాజ్యం దాటిపో. నీ ఇల్లు కోటకి జమ. ఎప్పుడు రమ్మంటావు?"

"ఎల్లుండి రండి ప్రభూ. మూడోనాడు ఆవకాయ తిరగకలుపుతారు. జాడీల్లోంచి మళ్లీ చిప్పలోకి దింపి, ఉప్పూ నూనె సరిచూసి ఎత్తుతారు. చిప్ప మళ్లీ ముద్దకి తయారవుతుంది."

కొమ్మన కాళ్లీడ్చుకుంటూ ఇంటికి వెళ్లి జరిగింది చెప్పాడు. భార్య నెత్తి కొట్టుకుంది. మాచమ్మ మాత్రం కొడుకుని ఎగాదిగా చూసింది.

"కాపురానికొచ్చిన నాటినుంచి ఆ చిప్పలోనే కలిపి పెడుతున్నాను. మీ నాన్న తిన్నాడు, వీధి వీధంతా తింది, ఒక్కరు చాలన్న పాపాన పోలేదు. రాజైతే మాత్రం నోరు లేదా? దిగులుపడకు. ఎల్లుండికి కొత్త బియ్యం వద్దు, అన్నం ముద్దవుతుంది. పాతవి దంపించు" అంది.

ఆ మాటతో కొమ్మనకి పోయిన ప్రాణం లేచొచ్చింది.

మూడోనాడు రాజుగారి పల్లకి బయలుదేరింది. భోగేశ్వర భట్టు తక్కువవాడా! పొద్దున్నే రాజుకి పులిహోర, బొబ్బట్లు, గారెలు, పరమాన్నం గొంతుదాకా పెట్టించాడు. పైగా, "పిడికిలి బిగించి పైపంచ కింద దాచుకోండి ప్రభూ, తెరవకండి" అని ఉపాయం చెప్పాడు. ఎందుకైనా మంచిదని ఒక బంగారు పళ్లెం చంకన పెట్టుకుని వెంట వచ్చాడు.

కొమ్మన ఇంటి పెరట్లో పందిరి కింద ఇంటివాళ్లు, ఇరుగుపొరుగు గుండ్రంగా కూర్చుని ఉన్నారు. రాజుకి ఆ వరసలోనే ఒక ఎత్తుపీట వేశారు. ఆయన పిడికిలి దాచుకుని బిగుసుకు కూర్చున్నాడు.

మాచమ్మ జాడీలకి ఆవకాయ ఎత్తేసింది. చిప్ప నిండా ఎర్రటి గుజ్జు, అంచుల వెంబడి నూనె, అక్కడక్కడ కావాలనే వదిలిన ముక్కలు. అందులో పొగలు కక్కే అన్నం కుమ్మరించి, వెన్న కాచిన నెయ్యి ధారగా పోసి, మోచేతిదాకా ఎర్రబడేలా కలిపింది. ఆ వాసనకి పక్కవీధిలోవాళ్లు కూడా తలుపులు తీశారు.

భట్టు పళ్లెం ముందుకి తోశాడు. "ఏలినవారికి ఇందులో వడ్డించు."

"ఇది పళ్లెంలో పెట్టేది కాదు నాయనా, చేతిలో పెట్టేది" అంది మాచమ్మ. తర్వాత పల్లకి బోయీల వంక చూసింది. "ఎండలో మోసుకొచ్చారు, అక్కడే నిలబడ్డారేం? వచ్చి కూర్చోండి." వాళ్లు బెదురుతూ వచ్చి రాజుకి అటూ ఇటూ కూర్చున్నారు.

ముద్దలు మొదలయ్యాయి. ఒక్కొక్కరే చెయ్యి చాపడం, ఆవిడ ముద్ద పెట్టడం, అది నోట్లోకి పోవడం, ఉస్సు ఉస్సుమంటూ నవ్వడం.

"పిన్నీ, ముక్కలన్నీ నీ మనవడికేనా? మేమేం పాపం చేశాం?"

"నీ ముద్దలో ముక్క లేకపోతే నా పేరు మార్చుకుంటాను. ముందు తిని చూడవే!"

రాజు గుటకలు మింగాడు. కడుపు నిండుగానే ఉంది, నోరే ఊరుకోవడం లేదు. అయినా పిడికిలి విప్పలేదు. చుట్టు సగం తిరిగింది. కొమ్మన భార్య గుమ్మం వెనక నిలబడి దేవుళ్లందరికీ మొక్కుకుంటోంది.

మాచమ్మ ముద్ద పట్టుకుని రాజు ముందుకి వచ్చింది. చెయ్యి కదలలేదు. ఆవిడ కొడుకు వంక చూసింది.

"వద్దమ్మా వద్దు! ఆయనకి పెట్టకు" అన్నాడు కొమ్మన కంగారు నటిస్తూ. "ప్రభువులు సుకుమారులు. ఈ కారానికి తట్టుకోలేరు. ఇంత పాలబువ్వ కలిపి పెడుదూ."

బోయీల్లో ఒకడు కిసుక్కుమన్నాడు. అంతే! రాజు ముఖం కందగడ్డయింది.

"ఎవడయ్యా తట్టుకోలేనిది? రొమ్మున బాణాలు దిగితే నవ్వుతూ పీకి పారేసినవాణ్ణి! ఈ కారం నన్నేం చేస్తుంది? పెట్టవమ్మా!" అంటూ పైపంచ తోసేసి చెయ్యి ముందుకి చాపాడు.

మాచమ్మ ముద్ద పెట్టేసింది.

రాజు నోట్లో వేసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. కళ్లవెంట నీళ్లు కారాయి. ఆ మంట మీదకి నెయ్యి కమ్మదనం మెల్లిగా వచ్చి చేరింది. పిండిపట్టిన ముక్క పంటికింద కరకరలాడింది. పుట్టి బుద్ధెరిగాక ఆయన నోటిదాకా వేడిగా వచ్చిన అన్నం అదే. కోటలో నలుగురు రుచిచూసి, పరీక్ష చేసి, తలా ఒక శ్లోకం చదివి పంపేసరికి అంతా చల్లారిపోతుంది మరి.

భట్టు గంతులేశాడు. "ఇది చెల్లదు! రోషం రేపి చాపించాడు! ముద్దని చూసి చాపిన చెయ్యి కాదిది!"

"అవునవును, చెల్లదు" అన్నాడు రాజు ముక్కు ఎగబీలుస్తూ.

"నిజమే ప్రభూ" అన్నాడు కొమ్మన చల్లగా. "అది నా మాటకి చాపిన చెయ్యి. దాన్ని వదిలేస్తున్నాను. అమ్మా, నువ్వు నీ పని కానీ."

గుమ్మం వెనక భార్య మొక్కులు ఆపేసింది. చేతికొచ్చిన గెలుపుని వదిలేశాడేమిటి ఈ మనిషి! మాచమ్మ మాత్రం ఇంకాస్త అన్నం వేసి, ఇంకాస్త నెయ్యి పోసి రెండో చుట్టు మొదలుపెట్టింది.

రాజు, భట్టు ఇంకా ఆ మాటమీదే ఉన్నారు. "చెల్లదంటే చెల్లదు. నేను ఉన్నతహస్తుణ్ణి. ఎవరో రెచ్చగొడితే తప్ప, ముద్ద అన్నం కోసం నా చెయ్యి ఒకరి ముందు చాపుతానా? నా వంశంలో ఉందా?" అని రాజు గర్జిస్తున్నాడు.

"ప్రభూ" అన్నాడు కొమ్మన, "ఇటుపక్క చెయ్యి బోయీ రాముడిది. అటుపక్కది బోయీ ఎర్రన్నది. మరి మధ్యలో చాపి ఉన్న ఈ చెయ్యి ఎవరిది?"

రాజు కిందికి చూసుకున్నాడు. మాచమ్మ ఇంకా నలుగురి అవతలే ఉంది. ఈయన చెయ్యి మాత్రం అప్పుడే వరసలోకి వచ్చి, అరచెయ్యి పైకి తిరిగి, ఎదురుచూస్తోంది!

రాజు ఆ చేతిని వెనక్కి తీసుకోబోయి, తీసుకోలేక, చివరికి పకపకా నవ్వేశాడు. పీట దిగి బోయీల మధ్య నేలమీద చతికిలబడ్డాడు. "చాపానయ్యా, చాపాను! ఓడిపోయాను. ఏం కావాలో కోరుకో కొమ్మనా!"

"వాగింది నేను, గెలిచింది మా అమ్మ. ఆవిణ్ణే అడగండి ప్రభూ." ఆ మాట అంటుంటే కొమ్మన ఛాతీ ఉప్పొంగింది.

మాచమ్మ రాజు చేతిలో ముద్ద పెట్టి అంది: "నా కొడుక్కి ఇల్లుంది, నాకు చిప్ప ఉంది. మాకేం తక్కువ నాయనా? అంత పెద్ద కోటలో ఏటా ఆవకాయ కలిపి ఆ పాత్ర కడిగిపారేస్తున్నారట. విని కడుపు తరుక్కుపోయింది. ఇకనించి కడగనివ్వకు. కలిపినవాళ్లని, మోసినవాళ్లని, కాపలా కాసేవాళ్లని కూర్చోబెట్టి తలో ముద్ద పెట్టించు. నువ్వూ వాళ్లలోనే కూర్చో."

"అలాగేనమ్మా" అన్నాడు రాజు. అనడమే కాదు, కోట పక్కనున్న మామిడితోట అప్పటికప్పుడు ఆవిడ పేర రాసిచ్చాడు. "కాయ కోసి కలిపిన రోజున నాకు కబురు పంపాలి సుమా!"

"పంపుతాను. కానీ పొద్దెక్కి వస్తే చిప్ప ఖాళీ. రాజుగారని చెప్పి నీకోసం విడిగా తీసి దాచడం మాత్రం ఈ ఇంట్లో లేదు."

రాజు వీధంతా వినపడేలా నవ్వాడు. "పొద్దున్నే వచ్చి కూర్చుంటానమ్మా" అన్నాడు.

మరుసటి ఏడు వచ్చాడు కూడా, ఇంకా మామిడికాయలు కొడుతూ ఉండగానే.