బాటసారుల గదిలో ఫ్యాను

హరనాథ్‌కి పదకొండు రోజులుగా అన్నం సయించడం లేదు. ఓబుళయ్యస్వామి మఠంలో ఎవరో తన కళ్లు గప్పుతున్నారు. ఆ సంగతి రోజూ తన ఫోనులో కనిపిస్తూనే ఉంది. మనిషి మాత్రం దొరకడం లేదు.

మఠం అంటే పెద్దదేమీ కాదు. పాతరోడ్డు పక్కన ఆరు గదుల మట్టిమిద్దె. అందులో ఉండేది ముగ్గురే: స్వామి, వంట చేసే సుంకమ్మ, పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పడం మానుకుని శిష్యరికానికి వచ్చిన హరనాథ్. అన్నీ వదిలేసి వచ్చానని చెప్పుకున్నాడు గానీ, వైర్లూ స్క్రూడ్రైవర్లూ ఉన్న సంచిని మాత్రం వెంట తెచ్చుకున్నాడు.

వేసవి మొదట్లో బోరు అడుగంటి మోటారు కాలిపోయింది. మళ్లీ అలా జరగకూడదని హరనాథ్ అరచేయంత ఎలక్ట్రానిక్ బోర్డు ఒకటి తెచ్చి మెయిన్ స్విచ్ పక్కన బిగించాడు. మోటారుకీ, ఫ్రిజ్జుకీ, గ్రైండరుకీ, గదిగదిలో ఫ్యానుకీ సెన్సర్లు పెట్టి దానికి కలిపాడు. ఇంట్లో ఏది తిరిగినా, ఏది ఆగినా ఫోనుకి కబురు వచ్చేస్తుంది.

"ఇక ఈ ఇంట్లో చీమ చిటుక్కుమన్నా నాకు తెలుస్తుంది స్వామీ," అన్నాడు.

"మంచిదే నాయనా. చీమకు చెప్పినావా?" అన్నాడు స్వామి.

హరనాథ్ నవ్వేసి ఊరుకున్నాడు.

ఆ మర్నాడే మొదలైంది. మధ్యాహ్నం రెండూ పదికి బాటసారుల గదిలో ఫ్యాను తిరిగింది. తొమ్మిది నిమిషాలు తిరిగి ఆగిపోయింది.

ఆ గది స్వామి తాతగారు కట్టించింది. ఎండనపడి నడిచిపోయేవాళ్లు కాసేపు నడుం వాలుస్తారని అందులో ఒక నులకమంచం వేయించాడు. కరెంటు వచ్చాక స్వామి ఫ్యాను పెట్టించాడు. తీరా కొత్తరోడ్డు రెండు మైళ్ల అవతలగా పడేసరికి ఈ దారిన నడిచేవాళ్లే లేకుండా పోయారు. గదికి తాళం పడి చాలా ఏళ్లయింది. శుక్రవారం పూట సుంకమ్మ తెరిచి, ఊడ్చి, మళ్లీ తాళం పెట్టేస్తుంది. అంతే.

మర్నాడు కూడా ఫ్యాను రెండూ పదికే తిరిగింది. ఆ మర్నాడూ అంతే. ఆ వేళకి హరనాథ్ ఊళ్లోకి వెళ్లి ఉండేవాడు; కబురు చూసి వచ్చేసరికి ఫ్యాను ఆగిపోయి, తాళం వేసినట్టే ఉండేది. హరనాథ్ సెన్సరు మార్చాడు. వైరు మార్చాడు. వంటింటి సెన్సరు పీకి ఆ గదికి తగిలించి చూశాడు. బోర్డులో తప్పేమీ లేదు. అయితే తప్పు మనిషిదే అనుకున్నాడు. ఆ గది తాళంచెవి ఉండేది సుంకమ్మ బొడ్లో.

"మధ్యాహ్నం పూట ఆ గదిలో పడుకుంటున్నావా?" అని అడిగాడు.

"నేనేల పండుకుంటా సారూ? వంటింటి గడప కాడ తల వాలిస్తే సాలు నాకు."

"అబద్ధాలొద్దు. తాళంచెవి ఇలా ఇవ్వు."

ముప్పై ఏళ్లుగా ఆ తాళాల గుత్తి ఆమె బొడ్లోనే ఉంది. దాంట్లోంచి ఆ ఒక్క చెవీ తీసి, అతని చేతికివ్వకుండా నేలమీద పెట్టి వెళ్లిపోయింది. హరనాథ్ వంగి తీసుకున్నాడు. సిగ్గుపడాల్సిన పని చేశానని అతనికి తోచనేలేదు.

తాళంచెవి తన జేబులోకి వచ్చాక కూడా ఫ్యాను తిరిగింది. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు పెద్దలు. సుంకమ్మ మారుచెవి చేయించుకుందని తీర్మానించేసుకున్నాడు. ఆ మాట ఆమె ముఖం మీదే అనేశాడు కూడా.

పన్నెండో రోజు పొద్దున సుంకమ్మ బట్టల మూటతో స్వామి ముందుకొచ్చి నిలబడింది.

"దొంగ అనిపించుకొని ఈడ ఉండలేను సామీ. పోతాండా."

"యాడికి పోతావు?"

"తెలీదు సామీ. నాకెవురుండారు?"

"మధ్యాన్నం దాకా ఉండు తల్లీ. ముగ్గురం ఒకచోట కూర్చుందాం," అన్నాడు స్వామి.

ఆ మధ్యాహ్నం ముగ్గురూ బాటసారుల గది ముందు పంచలో కూర్చున్నారు. ఎండకి రోడ్డు మీద కాకి కూడా లేదు. హరనాథ్ తాళం లాగి చూసుకుని వచ్చి, చెవిని గుప్పిట్లో పట్టుకున్నాడు. సుంకమ్మ మూట ఒళ్లో పెట్టుకుని అతనికి ఎదురుగా కూర్చుంది.

రెండూ పదికి ఫోను చిన్నగా మోగింది.

లోపల ఫ్యాను ఒకసారి మూలిగి, తిరగడం మొదలుపెట్టింది. తలుపు కింద సందులోంచి గాలి వచ్చి హరనాథ్ పాదాలకు తగిలింది. అంత ఎండలోనూ ఆ గాలి చల్లగా ఉంది. తర్వాత నులకమంచం కిర్రుమంది, అలిసిపోయిన మనిషెవరో మెల్లగా కూర్చున్నట్టు.

హరనాథ్ ఇద్దరి వైపూ చూశాడు. సుంకమ్మ ఎదురుగానే ఉంది. స్వామి పక్కనే ఉన్నాడు. లేచి తలుపు దగ్గరికి వెళ్లి చెవి తాళంలో పెట్టబోయాడు.

"తియ్యొద్దు," అన్నాడు స్వామి.

లేచి వెళ్లి, కుండలోంచి చెంబెడు నీళ్లు ముంచుకొచ్చి గడప ముందు పెట్టాడు. "నీళ్లు ఈడ పెట్టినా," అన్నాడు తలుపు వైపు తిరిగి, రోజూ వచ్చేవాళ్లతో అన్నట్టు. మళ్లీ వచ్చి తన చోట కూర్చున్నాడు.

తొమ్మిది నిమిషాలు గడిచాయి. మంచం మరోసారి కిర్రుమంది. ఫ్యాను ఆగింది. ఫోను మోగింది. చెంబులోకి తొంగిచూసే ధైర్యం హరనాథ్‌కి లేకపోయింది.

"ఎవరు స్వామీ?" అన్నాడు హరనాథ్.

"నన్నడుగుతావేం? కాపలా కాస్తుండేది నువ్వు గదా."

"వచ్చినట్టు తెలుస్తోంది. ఎవరో తెలియడం లేదు."

"ఎండనపడి వస్తాండారని పన్నెండు దినాలుగా నీకు తెలుసు," అన్నాడు స్వామి. "ఒక్క దినమన్నా మంచినీళ్లిచ్చినావా?"

హరనాథ్ కుండ దగ్గరికి వెళ్లాడు. ఇంకో చెంబు ముంచుకుని వచ్చి సుంకమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"తప్పయిందమ్మా. కాసిని నీళ్లు తాగు."

సుంకమ్మ అతని ముఖంలోకి చూసింది. చెంబు రెండు చేతులా అందుకోవడానికి, ఒళ్లో మూట తీసి పక్కన పెట్టింది.