గురవయ్య కారం సంచి

ఒకప్పుడు ముల్లు గుచ్చుకుంటే నొప్పే ఉండేది కాదు. వాపూ లేదు, మంటా లేదు. పిల్లలు తుమ్మముళ్లు తొక్కుకుంటూ నవ్వుతూ పరిగెత్తేవాళ్లు. ఎంత చల్లని రోజులో అవి! కాకపోతే, లోపల్లోపల కాలు కుళ్లిపోతున్నా ఎవరికీ తెలిసేది కాదు.

ఆ రోజుల్లో గొర్రెలు కాసే నీలమ్మ అనే పిల్ల మడమలో, చర్మం కింద, గురవయ్య అనే తలారి కావలి ఉండేవాడు. ఆవగింజ పక్కన నిలబడితే కనబడనంత చిన్నవాడు. పక్కనే నెత్తురు కాలువ. ఆ గట్టు మీదే పుట్టి, ఆ కాలువ పాట వింటూనే ముసలివాడయ్యాడు. కాలువని "అమ్మా" అనే పిలిచేవాడు.

పుట్టగానే పెద్దలు ఆయన నడుముకి ఒక కారం సంచి కట్టారు. "అక్కర పడితే వాడుకో. గట్టు మీద మాత్రం పడనీకు, పగులుతుంది," అన్నారు. గురవయ్య ఆ ముడి ఎన్నడూ విప్పలేదు.

ఒకనాడు నీలమ్మ గంతులేస్తుంటే మడమలో ముల్లు దిగింది. ముల్లు వెంట క్రిములు గుంపుగా వచ్చి, దొరికిందల్లా నమలసాగాయి. కాలువలో తెల్లబంట్లు పడవల మీద పోతున్నారు. క్రిముల్ని పట్టి మింగడమే వాళ్ల పని.

"ఓ బంట్లూ! ఇటు రండయ్యా, కొంప మునుగుతోంది!" అని గురవయ్య అరిచాడు.

కాలువ హోరులో ఎవరికి వినబడుతుంది? వినబడినా, గట్టు దాటే దారేదీ? పడవలు సాగిపోయాయి.

క్రిములు ఎముక వైపు కదిలాయి. పైన నీలమ్మ హాయిగా పాడుకుంటోంది. గురవయ్య సంచి ముడి మీద చెయ్యి వేశాడు.

"అమ్మా, నీ గట్టు పగలగొట్టాలి. నీకు మండుతుందే!"

"మండనీరా నాయనా. పిల్ల కాలే పోతే నేనెక్కడ పారేది?" అంది కాలువ.

ఏడుస్తూనే ఆయన గుప్పెళ్లతో కారం చల్లాడు. కాలువ ఎర్రగా ఉబ్బింది. గట్టు సందులు విచ్చి వెచ్చటి నీళ్లు బయటికి ఊరాయి. మడమ బూరెలా పొంగింది. ఆ ఘాటుకి తెల్లబంట్లు పడవలాపి, సందుల్లోంచి దూకారు.

"ఎవడయ్యా కారం కొట్టింది?"

"నేనే! తిట్లు తర్వాత, ముందు ఈ క్రిముల పని పట్టండి!"

పైన నీలమ్మ "అబ్బా!" అని కూలబడింది. కాలు ఒళ్లో పెట్టుకుని ముల్లు పీకేసింది. నాలుగు రోజులకి వాపు తగ్గింది, కాలు నిలిచింది. కానీ ఆమె మళ్లీ ముళ్ల మీద గంతులెయ్యలేదు. తన కారం వల్లే పిల్ల ఆట ఆగిందని గురవయ్యకి బెంగ పట్టుకుంది.

అప్పటినుంచే, ముల్లు దిగిన చోట ఎర్రబడి, వేడెక్కి, వాచి, సలుపుతుంది. ఆ చల్లని రోజుల్ని తలుచుకుంటూ, ఏడుస్తూనే, గురవయ్య ఈ రోజుకీ మనందరి చర్మం కింద, మన కోసం ఆ ముడి విప్పుతూనే ఉన్నాడు.