సుత్తి లేని దుకాణం

ఆ పూట సుంకన్నకు కోపం నెత్తికెక్కి కూర్చుంది. తను నడిపే భజన గుంపులో డోలక్ కొట్టే మద్దిలేటి, పన్నెండేళ్ల స్నేహితుడు, పొద్దున్నే వచ్చి డోలక్కును సుంకన్న గడప ముందు పెట్టి, "ఇంక నాతో కాదన్నా" అని వెళ్లిపోయాడు. ఏడాదిలో ఇది మూడోసారి. ఎల్లుండే దర్గా గంధం ఉత్సవంలో వీళ్ల భజన. డోలక్ లేని భజన ఉప్పు లేని పప్పు.

నలుగురూ వింటుండగానే సుంకన్న "వాని బెండు తీస్తా, చూస్తాండండి" అని అరిచాడు. అరిచి, తిన్నగా గురువు దగ్గరికి బయలుదేరాడు. అనుమతి కోసమని మనసుకు చెప్పుకున్నాడు గానీ, నిజానికి ఏడుపు ఆపుకోలేక వెళ్తున్నాడు.

గురువు హుసేనప్ప డోన్ బస్టాండు వెనకాల సైకిలు చక్రాలకు బెండు తీస్తూ బతికే దూదేకుల ముసలాయన. మంత్రం ఇవ్వడు, విభూది ఇవ్వడు. ఏదైనా అడిగితే ముందు చేతికో పని ఇస్తాడు. అందుకే ఆయనకు శిష్యులు తక్కువ. ఉన్నవాళ్ల చేతులకు మాత్రం ఎప్పుడూ మసే.

"సామీ, మద్దిలేటిగాడు మళ్లా అలిగినాడు" అన్నాడు సుంకన్న చెప్పులు కూడా విడవకుండా. "హార్మోనియం పెట్టె వాడే మోసుకొస్తాడు, చాపలు వాడే పరుస్తాడు, దీపం వాడే ముట్టిస్తాడు. అందర్లో గట్టోడని గదా అన్నీ వానికే చెప్పేది! మొన్న బిడ్డకు జరమని ఒక్కదినం రానంటే నాలుగు మాటలన్నా. అంతదానికే ఇరిగిపోతే ఎట్ల? మీరు ఊ అంటే వాని బెండు తీస్తా."

హుసేనప్ప నవ్వలేదు. స్టాండుకు బిగించి ఉన్న ఒక వెనక చక్రాన్ని చూపించాడు.

"బెండు తీసే పని నాది గదప్పా. నీకూ వస్తే ముందు దీనికి తియ్యి. ఒక స్పోకు పుల్ల ఇరిగింది. ఆ ఒక్క చోటే ఇరగడం ఇది మూడోసారి."

సుంకన్న ఉన్నవాటిలో గట్టి పుల్ల ఏరి వేశాడు. మళ్లీ విరగకూడదని పళ్లు బిగబట్టి మరీ బిగించాడు. తీరా చక్రం తిప్పి చూస్తే ఆ చోట రిమ్ము పక్కకు లాగేసి, కల్లు తాగినవాడిలా ఊగుతోంది.

"సుత్తి యాడుంది సామీ?"

"ఎందుకు?"

"బెండు తీయాలంటే కొట్టొద్దా?"

"నలభై ఏండ్లుగా తీస్తాండా. ఈ దుకాణంలో సుత్తి ల్యా" అన్నాడు హుసేనప్ప. "నీకు శ్రుతి తెలుసు గదా. ఒక్కో పుల్లనూ మీటు."

సుంకన్న గోటితో మీటాడు. కొత్త పుల్ల కీచుమని పైస్థాయిలో పలికింది. దాని పక్కది పలకలేదు. ఆ పక్కదీ పలకలేదు.

"ఇవి ఉత్త యాలాడతాండాయి సామీ."

"చూసేదానికి?"

"చూసేదానికి అన్నీ నిలబడే ఉండాయి."

హుసేనప్ప పుల్లలు బిగించే రూపాయి బిళ్లంత కీ ఒకటి జేబులోంచి తీసి, కొత్త పుల్లను అర చుట్టు వదులు చేశాడు.

"ఇరిగేదాన్నే వదులు చేస్తారా?"

ముసలాయన కీ శిష్యుడి చేతిలో పెట్టి, పక్క పుల్లల వైపు వేలు చూపించాడు.

సుంకన్న వాటిని పావు చుట్టు బిగించాడు. మీటాడు. ఇంకో పావు చుట్టు. మళ్లీ మీటాడు. మధ్యాహ్నం ఎండ దుకాణం గడప దాటి లోపలికొచ్చేసరికి పుల్లలన్నీ ఒకదాని పాట ఒకటి అందుకుంటున్నాయి. చక్రం తిప్పితే బ్రేకు కట్టల నడుమ గీత గీసినట్టు తిరిగింది. గుంపంతా ఒక్కసారి పల్లవి అందుకున్నప్పుడు కలిగే సంతోషం కలిగింది సుంకన్నకు. కోపం ఎప్పుడు దిగిందో తెలియలేదు.

"ఎవరిది సామీ ఈ చక్రం?"

"హార్మోనియం పెట్టె మోసే సైకిలుది" అన్నాడు హుసేనప్ప. "పోతాపోతా ఇచ్చిపో."

సుంకన్న చక్రం పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. భజనకు అందరికన్నా ఆఖరున వచ్చి, బొట్టు దిద్దుకుని, నడిమధ్యన కూర్చునేది తానేనని గుర్తొచ్చింది. గురువు మొహం చూడలేక అక్కడి నుంచి కదిలాడు.

మద్దిలేటి వాకిట్లో బిడ్డకు గంజి తాగిస్తున్నాడు. సుంకన్నను చూసి లేచాడు. సుంకన్న చక్రాన్ని గోడకు ఆనించాడు. బిడ్డ నుదురు తాకి చూశాడు. జ్వరం లేదు. అరుగు మీదున్న హార్మోనియం పెట్టెను రెండు చేతులా లేపి నెత్తిన పెట్టుకున్నాడు. మెడ కటుక్కుమంది. ఇంత బరువని పన్నెండేళ్లలో ఒక్కనాడూ అనుకోలేదు.

"ఏందన్నా ఇది?" అన్నాడు మద్దిలేటి బిత్తరపోయి. "నా బెండు తీస్తానన్నావంటనే. తీయనీకి గదా వచ్చింది?"

"తీయించుకోని వచ్చినా" అన్నాడు సుంకన్న.