రాకుమారి కట్టిన మట్టికట్ట

అనగనగా, దారులకింకా పేర్లు పెట్టని కాలంలో, కుందనపురమనే రాజ్యం ఉండేది. దాన్ని మణిధరుడనే రాజు ఏలేవాడు. ఆయనకు కువలయ అని ఒక్కగానొక్క కూతురు. పాపకు ఐదేళ్ళు నిండాయి. కానీ పలక చేతికిస్తే చాలు, బోర్లా తిప్పి దాని మీద కూర్చునేది.

చదువు చెప్పడానికి వచ్చిన మొదటి పంతులు బెత్తం చూపించాడు. పాప మంచం కింద దూరింది. రెండో పంతులు బెల్లం ముక్క చూపించాడు. పాప బెల్లం తిని నిద్రపోయింది. ఇద్దరూ వచ్చిన దారినే వెళ్ళిపోయారు.

మూడోసారి గోమతమ్మ అనే పంతులమ్మ వచ్చింది.

"పంతులమ్మా, పున్నమి నాటికి మా అమ్మాయి అక్షరాలు రాయాలి. లేకపోతే మీకిక్కడ కొలువు ఉండదు" అన్నాడు రాజు.

"అలాగే ప్రభూ" అంది గోమతమ్మ. అనడమైతే అంది గానీ, ఆమె గుండెల్లో రాయి పడింది.

మర్నాడు చదువుల గదిలో పాప చూపంతా కిటికీ బయటే ఉంది. తెల్లవారుజామున వాన కురిసింది. కోటగోడ వెంట నీళ్ళు సన్నటి పాయగా పారుతున్నాయి.

"పంతులమ్మా, ఆ నీళ్ళు ఎక్కడికి పోతున్నాయి?"

గోమతమ్మకు తెలుసు. చెప్పబోయి ఆగింది. ఇద్దరు పంతుళ్ళు వచ్చిపోయినా ఈ పిల్ల నోరు తెరిచి అడిగిన మొదటి మాట ఇదే కదా అనుకుంది.

"పద తల్లీ, చూసొద్దాం."

నీళ్ళు గుర్రపుసాల పక్కనున్న తోటలోకి పోతున్నాయి. పాప అక్కడే చతికిలబడి, మట్టితో అడ్డుకట్ట వేసింది. నీళ్ళు కట్ట మీదుగా పొర్లిపోయాయి. 'ఇంకాస్త ఎత్తు పెట్టమ్మా' అనే మాట గోమతమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగపట్టుకుంది. పాప కాసేపు నీళ్ళవైపే చూసి, తనంతట తానే ఎత్తు పెంచింది.

మళ్ళీ వాన పడింది. ఈసారి నీళ్ళు కట్టను పక్కనుంచి కోసేశాయి. పాప ఏడ్చింది. గోమతమ్మ పాప కళ్ళు తుడిచింది తప్ప, ఉపాయం చెప్పలేదు. కాసేపటికి పాప లేచి, గులకరాళ్ళు ఏరుకొచ్చి అంచుల్లో పేర్చింది. నీళ్ళు నిలిచాయి.

ఈలోగా దాసీలు రాజుకు చాడీలు మోశారు. "పట్టుపావడా నిండా బురదే ప్రభూ! పలక మొహం చూస్తే ఒట్టు!"

ఆ మాట గోమతమ్మ చెవినా పడింది. నేనే తప్పు చేస్తున్నానేమో అని ఆమెకు అన్నం సయించలేదు.

పున్నమి రానే వచ్చింది. ఉదయం వెళ్ళి చూస్తే కట్ట చితికిపోయి ఉంది. గుర్రాలవాళ్ళు చూసుకోకుండా తొక్కుకుంటూ పోయారు. పాప ఈసారి ఏడవలేదు.

"పంతులమ్మా, తొక్కొద్దని వాళ్ళకు చెప్పాలి. మరి నేను అన్నానికి వెళ్తే ఎవరు చెబుతారు?"

"రాసిపెడితే ఆ రాతే చెబుతుంది తల్లీ."

"అయితే నాకు రాయడం చూపించు!"

గోమతమ్మకు కళ్ళు చెమర్చాయి. తడినేల మీద పుల్లతో 'తొక్కకండి' అని రాసి చూపించింది. పాప రాసింది, చెరిపింది, మళ్ళీ రాసింది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి కొత్త కట్ట లేచింది. దాని ముందు జానెడేసి అక్షరాలూ లేచాయి.

అప్పుడే రాజు కోపంగా పెద్ద పెద్ద అంగలు వేస్తూ వచ్చాడు.

"పంతులమ్మా, ఇక మీ మూట సర్దుకోండి..."

మాట సగంలోనే ఆగింది. ఎత్తిన కాలు గాలిలోనే ఆగింది. కాలి కింద వంకరటింకర అక్షరాలు. 'తొకకండి'.

"ఇది ఎవరు రాశారు?"

"నేనే నాన్నా."

రాజు వంగి చూశాడు. "క కింద ఒత్తు మరిచావమ్మా."

"అయినా నువ్వు ఆగావుగా!"

రాజుకు నవ్వాగలేదు. కాలు వెనక్కి తీసుకుని, చెప్పులు విడిచి, బురదలోనే కూతురి పక్కన కూర్చున్నాడు. "ఈ కట్ట ఎలా కట్టావో చెప్పు" అని అడిగాడు. పాప మొదటి నుంచీ చెప్పింది. చెప్పడమయ్యాక పుల్ల గోమతమ్మ చేతికిచ్చి, "ఒత్తు ఎలా పెట్టాలి?" అంది.

గోమతమ్మ కొలువు నిలిచింది. నగరంలోని పసిపిల్లలందరి చదువూ ఆ తోటలోకే మారింది.

పిల్లలు తమకు కావాలనిపించి అడిగి నేర్చుకున్నదే నిలుస్తుంది. పెద్దలు వాళ్ళ వెంట నడిచి, అడిగిన వేళకు దగ్గరుంటే చాలు.