బెల్లుకు అందని మాట

1994, వానాకాలం. మాట మెదడులో ఎక్కడ పుడుతుందో జీవితమంతా వెతికిన ఆచార్య సదానందం గారికి పక్షవాతం వచ్చి మాటే పోయింది. కుడి చెయ్యి పడిపోయింది. ఏమడిగినా నోట "అదే, అదే" అన్నదొక్కటే వచ్చేది.

ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న వకుళ రోజూ ఇంటికి వెళ్ళి పరీక్ష పెట్టేది. బొమ్మ చూపించి, గడువు తీరగానే మోగే చిన్న బెల్లుకు కీ ఇవ్వాలి. అది మోగేలోపు ఆయన ఆ బొమ్మ పేరు చెప్పకపోతే తప్పు వెయ్యాలి. ఆ పద్ధతి పెట్టింది ఆయనే. బెల్లు దాటాక వచ్చిన మాటకు మార్కు వేసిందని ఒకప్పుడు రోగుల ముందే ఆమెను కోప్పడ్డారు.

ఆవు బొమ్మకూ అదే. గొడుగుకూ అదే.

భార్య సుగుణమ్మ టీ తెచ్చి, పెళ్ళయిన నాటి నుంచి ఈయన నన్ను మాట్లాడనిచ్చింది లేదు, ఇప్పుడు నా వంతు అని నవ్వించేది. నవ్వుతూనే కొంగుతో మొహం తుడుచుకునేది.

వకుళ మనసులో కోరిక ఒకటే. వరండా ఆ చివర నుంచి "వకుళా" అని ఆయన కేకేస్తే అప్పట్లో విసుగొచ్చేది. ఇప్పుడు ఆ కేక ఒక్కసారి వినబడితే చాలు.

ఒకరోజు బొమ్మల మధ్య తన ఫోటో పెట్టింది. అది ఆయన చేతికిచ్చి, బెల్లుకు కీ ఇచ్చి, ఎదురుగా నిలబడింది. ఆయన పెదవులు కదిలాయి. మాట రాలేదు. ఆగలేక తనే అందించింది.

"వ... అనండి సార్. వ..."

బెల్లు మోగింది. మళ్ళీ కీ ఇవ్వబోయింది. ఆయన ఎడమచేత్తో బెల్లు లాక్కుని, దిండు కిందికి తోసి, దిండు మీద ఒరిగారు.

"అది లేకపోతే ఈ పరీక్షలేవీ చెల్లవు సార్. మీరు చెప్పిందే కదా."

ఆయన తల ఊపారు. బెల్లు మాత్రం ఇవ్వలేదు.

బయట వాన పట్టింది. కాసేపటికి వెలిసింది. టీ చల్లారిపోయింది. ఆమె అందించడం మానేసింది. ఆయన ఫోటోను పక్కన పెట్టి ఆమె మొహం వైపు చూస్తున్నారు. చాలాసేపటికి, బావిలోంచి బరువైన చేద పైకి లాగుతున్నట్టు నోరు తెరిచారు.

"కూర్చో."

వకుళ కూర్చుంది.

ఆ తర్వాత ఆ ఇంటికి ఆమె బెల్లు పట్టుకెళ్ళలేదు. ఆయన పోయేదాకా ఆమె పేరు ఆయన నోట రాలేదు. కాలం కొలవని పరీక్షలు చెల్లవని విశ్వవిద్యాలయం వాళ్ళు ఆమె పరిశోధనను తిప్పి పంపారు. వకుళకు డాక్టరేటు రాలేదు.